రాకెట్ కన్నా ముందు గాలి

సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో గాదంకి నుంచి ఒక బెలూన్ పైకి లేస్తుంది. దాని కింద దారానికి చిన్న పెట్టె వేలాడుతుంటుంది. ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లు, ఎక్కడున్నదీ చెప్పే జీపీఎస్, కొలిచినదంతా ఎప్పటికప్పుడు కిందికి పంపే ట్రాన్స్‌మిటర్ ఆ పెట్టెలోనే ఉంటాయి. సెకనుకు ఇంచుమించు 5 మీటర్ల చొప్పున ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గి బెలూన్ ఉబ్బుతూ పోతుంది. గంట తిరక్కముందే 17 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. కింద చంద్రగిరి బజార్లో జనం చెమటలు తుడుచుకుంటున్న వేళ అక్కడ చలి మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంకా పైకి పోయి 30 కిలోమీటర్ల దరిదాపుల్లో పగిలిపోతుంది. ఆలోపు మన నెత్తిమీది గాలి కథంతా కంప్యూటర్లోకి చేరిపోయి ఉంటుంది.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సెక్కిన వాళ్లకు గాదంకి అంటే టోల్‌గేటే గుర్తు. చంద్రగిరి కోట దాటి కొంత దూరం పోయాక కొండల నడుమ కనిపించే ఈ చిన్న ఊరి పేరు, వాతావరణ శాస్త్రం చదివిన వాళ్లకు జపాన్‌లో అయినా జర్మనీలో అయినా తెలుసు. అంతరిక్ష శాఖ కింద 1992లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు మార్చుకున్న సంస్థ ఇక్కడే ఉంది.

బెలూన్ గాలితోపాటు కొట్టుకుపోతుంది కాబట్టి అది ఎటు, ఎంత జరిగిందో చూస్తే గాలి వేగం తెలిసిపోతుంది. రాడార్ చేసే పని ఇంకా చిత్రం. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వరసకు 32 చొప్పున 32 వరసల్లో 1024 యాగీ యాంటెన్నాలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద కట్టుకున్న యాంటెన్నాల జాతివే ఇవి. అన్నీ ఒక్క గొంతుతో 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. ఆ తరంగం పొడవు అయిదున్నర మీటర్ల పైచిలుకు. గాలిలో దానికి సగం కొలతలో, అంటే దాదాపు 3 మీటర్ల మేర కదిలే అలజడి తగిలితే ఆ తరంగంలో అణువంత భాగం వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చినదాని పౌనఃపున్యం ఎంత మారిందో లెక్కగడితే, కంటికి కనబడని గాలి ఏ ఎత్తున ఎటు పోతున్నదో చెప్పవచ్చు.

ఏరోస్పేస్ డిగ్రీ గురించి రాస్తూ బెలూన్‌తో, యాంటెన్నాలతో ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ చదువులో మొదట చేతికి వచ్చేది రాకెట్ కాదు. గాలి. గాలి మీద ప్రేమ కలగని పిల్లలకు ఆ నాలుగేళ్లూ చాలా పొడుగ్గా ఉంటాయి. ఈ మాట ముందుగా చెప్పేవాళ్లు తక్కువ.

మావోడు పట్టుకోనుండాడు సార్

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చాక చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లలో, కాస్త చదువుకున్నారని పేరున్న ప్రతివాళ్ల ముందుకూ వచ్చే ప్రశ్న ఇది: "మావోడు రాకెట్ల కోర్సే చదవతానని పట్టుకోనుండాడు సార్. చేరిస్తే ఇస్రోలో ఉద్యోగం వస్తుందా?"

పిల్లవాడి పట్టుకు కారణం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక చంద్రగిరి, శ్రీహరికోట ఒకే తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. రెంటికీ మధ్య దూరం ఇంచుమించు వంద కిలోమీటర్లు. మబ్బు లేని రాత్రి ప్రయోగం ఉంటే మిద్దెక్కి తూర్పుకు చూసేవాళ్లకు నిప్పు గీత కనిపిస్తుంది. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు రాకెట్ నమూనాతో తిరుమల కొండెక్కిన ఫొటో జిల్లా పేజీల్లో వస్తుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన సాయంత్రం బడి పిల్లలంతా టీవీల ముందే ఉన్నారు. ఆ వయసులో ఆ దృశ్యం చూసిన పిల్లలు ఇప్పుడు కాలేజీ ఫారాలు నింపుతున్నారు.

తండ్రి ప్రశ్నకు సూటి జవాబు చెప్పాలి. ఇస్రో తన కేంద్రాలన్నిటికీ కలిపి ఇంజినీర్ల కోసం ఇచ్చే నియామక ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే బ్రాంచీలు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్. రాకెట్ అనేది ట్యాంకులు, వాల్వులు, వెల్డింగులు, సర్క్యూట్లు, సాఫ్ట్‌వేర్ కలిసిన వస్తువు. ఏరోస్పేస్ చదివినవాళ్లు అందులో ఒక భాగం మాత్రమే. కాబట్టి ఇస్రో గుర్తింపు కార్డు ఒక్కటే కోరికైతే ఆ దారిలో ఏరోస్పేస్ డిగ్రీ అత్యవసరం కాదు.

మనవాళ్లనే చూడండి. హైదరాబాద్‌లో 2018లో స్కైరూట్ అనే రాకెట్ల సంస్థ పెట్టిన పవన్ కుమార్ చందన ఖరగ్‌పూర్ ఐఐటీలో మెకానికల్ చదివారు. ఆయనతో కలిసి ఆ సంస్థను నిలబెట్టిన నాగ భరత్ డాకా మద్రాసు ఐఐటీలో ఎలక్ట్రికల్. ఇద్దరూ ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చినవాళ్లే. వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్ అది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి డీఆర్‌డీవో ఛైర్మన్ అయిన జి.సతీష్ రెడ్డి అనంతపురం జేఎన్‌టీయూలో చదివింది ఎలక్ట్రానిక్స్. తేజస్ యుద్ధవిమానానికి సారథ్యం వహించిన కోట హరినారాయణ డిగ్రీలో మెకానికల్ చదివి, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో విమానాల చదువుకు మారారు. 2001 జనవరి 4న ఆ విమానం మొదటిసారి నేల విడిచింది.

అలాగని ఏరోస్పేస్ చదవొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఉద్యోగం అనే ఒక్క కిటికీలోంచి చూస్తే ఈ చదువు అసలు విలువ కనబడదు. ఒక్క వస్తువును పట్టుకుని గాలి, నిప్పు, లోహం, లెక్క నాలుగింటినీ ఒకేసారి నేర్పే డిగ్రీ ఇంకొకటి నాకు కనిపించదు.

కోటేశ్వరం గాలి

మళ్లీ గాదంకి గాలి దగ్గరికే వద్దాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చంద్రగిరిలో నేల మీద వీచేది పడమటి గాలి. బట్టలు ఆరేసేవాళ్లకైనా తెలిసిన సంగతే. అదే రోజుల్లో 14, 16 కిలోమీటర్ల ఎత్తున గాలి సరిగ్గా ఎదురు దిక్కున, తూర్పు నుంచి పడమటికి, సెకనుకు 40 మీటర్లు మించిన వేగంతో పరుగెడుతుంటుంది. గంటకు చూస్తే దాదాపు 150 కిలోమీటర్లు. ఆ ప్రవాహాన్ని గుర్తించి 1958లో శాస్త్రలోకం ముందు పెట్టినవారు తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం. భారత వాతావరణ శాఖకు తర్వాత ఆయన డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అని ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదివేది ఆయన చూపించిన గాలినే. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఉండి తీరాలి.

ఇప్పుడు ఆ గాలిలోంచి రాకెట్‌ను పంపాలి. ఇస్రో వాడే పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు, అడుగు భాగం వ్యాసం 2.8 మీటర్లు. అంత సన్నటి పొడుగాటి దేహం అది. 13 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 500 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. పక్క నుంచి 40 మీటర్ల గాలి తగిలింది. ఈ రెండు వేగాలనూ వెక్టర్లుగా కలిపితే, రాకెట్ ముక్కుకు గాలి నాలుగున్నర డిగ్రీల వాలుగా వచ్చి తాకుతుందని తేలుతుంది. ఇంటర్ ఎంపీసీ పిల్లలు చేయగలిగిన లెక్క ఇది. అయితే ఆ నాలుగున్నర డిగ్రీలు ఏం చేస్తాయన్నది ఏరోస్పేస్ మూడో ఏడాది ప్రశ్న. ముక్కు దగ్గర ఒక బలం, తోక దగ్గర ఒక బలం, మధ్యలో దేహం వంగుతుంది. వంగిన దేహంలో లోహం ఎంత ఒత్తిడికి గురవుతుంది? లోపలి ఇంధనం ఎటు ఊగుతుంది? రాకెట్‌ను నిటారుగా నిలపడానికి ఇంజిన్ మూతిని ఎంత తిప్పాలి? తిప్పడం ఒక లిప్త ఆలస్యమైతే ఊగడం తగ్గుతుందా, పెరుగుతుందా?

అందుకే ప్రయోగం రోజున శ్రీహరికోటలో కూడా బెలూన్లు వదులుతారు. ఆ గంటల్లో గాలి ఎలా ఉందో చూసి, రాకెట్ పక్కకు వాలవలసిన తీరును దానికి అనుగుణంగా దిద్దుతారు. గాలికి ఎదురొడ్డి విరగడం కన్నా కొంత ఒదిగి పోవడమే ఆ పద్ధతి. కౌంట్‌డౌన్ టీవీలో చూసేవాళ్లకు ఈ పని కనబడదు. తరగతి గదిలో కూర్చున్న విద్యార్థికి మాత్రం ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రక్చర్స్, కంట్రోల్ థియరీ అనే మూడు వేరువేరు పుస్తకాలు ఒకే చోట కలిసేది ఇక్కడే.

మొదటి ఏడాది దాదాపు అన్ని బ్రాంచీల మాదిరే సాగుతుంది. లెక్కలు, ఫిజిక్స్, వర్క్‌షాప్, కొంచెం ప్రోగ్రామింగ్. రెండో ఏడాది థర్మోడైనమిక్స్, ద్రవాల నడక, లోహాల బలం. అసలు కష్టం మూడో ఏడాదిది. అప్పటిదాకా గాలిని నీళ్లలాగే నొక్కినా నలగనిదిగా అనుకుంటూ చేసిన లెక్కలన్నీ పక్కన పెట్టాలి. ధ్వనివేగం దగ్గరికి పోయేకొద్దీ గాలి నలుగుతుంది, వేడెక్కుతుంది, షాక్ వేవ్ అనే పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొరకు ఇటు ఒక ఒత్తిడి, అటు ఇంకో ఒత్తిడి. మధ్యలో వెంట్రుకమందం కూడా ఉండదు. చాలామంది ఇక్కడ తడబడతారు. తడబడ్డా నిలబడినవాళ్లకు చివరి ఏడాది డిజైన్ ప్రాజెక్టు పండగలా ఉంటుంది.

23 టన్నుల్లో ఒక టన్ను

రష్యాలో కలూగా అనే ఊళ్లో బడిపంతులుగా బతికిన త్సియోల్‌కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సమీకరణం ఈ చదువుకంతా వెన్నెముక. చిన్నప్పుడు జబ్బుచేసి వినికిడి చాలావరకు పోయింది ఆయనకు. చదువు ఎక్కువ భాగం సొంతంగా పుస్తకాల్లో నేర్చుకున్నదే. ఆ సమీకరణం చెప్పేది ఇదీ: రాకెట్ అందుకునే వేగం, వెనక్కి వదిలే వాయువు వేగం మీద, మొదటి బరువుకూ చివరి బరువుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. అయితే ఆ నిష్పత్తి లాగరిథమ్‌లో కూర్చుని ఉంది. చిక్కంతా అక్కడే.

భూమి చుట్టూ తక్కువ ఎత్తులో తిరగాలంటే, గురుత్వాకర్షణకూ గాలి రాపిడికీ పోయే నష్టం కలుపుకుని సెకనుకు తొమ్మిదిన్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగం సంపాదించాలి. వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుందనుకుందాం. లెక్క వేస్తే నిష్పత్తి దాదాపు 23 వస్తుంది. 23 టన్నుల రాకెట్ నేల విడిస్తే పైకి చేరేది ఒక్క టన్ను. ఆ ఒక్క టన్నులోనే ఇంజిన్, ట్యాంకు, తీగలు, ఉపగ్రహం అన్నీ ఇమడాలి. ఇమడవు. అందుకే దశలు. ఖాళీ అయిన బిందెను నెత్తిన మోస్తూ నడవనట్టే, పని అయిపోయిన దశను వదిలేసి మిగిలింది ముందుకు పోతుంది. పీఎస్‌ఎల్‌వీకి నాలుగు దశలు, ఒకటి ఘన ఇంధనం, ఒకటి ద్రవ ఇంధనం, మళ్లీ ఘనం, మళ్లీ ద్రవం. 320 టన్నుల బరువుతో లేచి 600 కిలోమీటర్ల ఎత్తు ధ్రువ కక్ష్యకు 1750 కిలోల దాకా మోస్తుంది. టన్నుకు అయిదున్నర కిలోలు.

ఈ లెక్క ఒంటబట్టిన విద్యార్థికి శ్రీహరికోట పటం మీద వేరే రకంగా కనిపిస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆ దీవి ఇప్పటికే సెకనుకు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. తూర్పుకు ఎగరేసిన రాకెట్‌కు ఆ వేగం ఊరికే దొరుకుతుంది. తూర్పున సముద్రమే కాబట్టి వదిలేసిన దశలు ఎవరి నెత్తినా పడవు. కానీ ధ్రువ కక్ష్యకు నేరుగా దక్షిణానికి పంపితే దారిలో శ్రీలంక ఉంది. దాన్ని తప్పించుకోవడానికి రాకెట్ ముందు ఆగ్నేయానికి పోయి, తర్వాత మలుపు తీసుకోవాలి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్‌కు ఆ నష్టం భరించరానిది. తమిళనాడులో కులశేఖరపట్టినం దగ్గర రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేయడానికి కారణం అదే.

శ్రీహరికోట గురించి రాసేటప్పుడు ఒక మాట దాటి పోలేను. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ లేవడానికి చాలా ముందు నుంచీ ఆ దీవిలో యానాదులు బతికారు. అడవిలో దుంపలు, తేనె, పులికాట్ నీళ్లలో చేపలు వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రం కోసం వాళ్లు చోటు ఖాళీ చేసి జరగవలసి వచ్చింది. వాళ్ల మనవలు, మునిమనవల్లో ఎంతమంది ఏరోస్పేస్ తరగతి గదిలో కూర్చున్నారని అడిగే బాధ్యత ఈ జిల్లాకు ఉంది. అడగడమే కాదు, సూళ్లూరుపేట పరిసరాల యానాది పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచే లెక్కలు, సైన్స్ ప్రత్యేకంగా చెప్పించి, ఈ చదువు గుమ్మం దాకా చేయి పట్టుకుని తీసుకుపోయే ఏర్పాటు ఉండాలి. జరిగిన త్యాగానికి అంతకన్నా తగిన గౌరవం నాకు తోచడం లేదు.

చేతికి మసి అంటాలి

ఎక్కడ చదవాలి? మొదట చెప్పుకోవలసింది తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ. అంతరిక్ష శాఖ 2007 సెప్టెంబరు 14న ప్రారంభించిన ఈ సంస్థలో ఏరోస్పేస్, ఏవియానిక్స్ బీటెక్‌లున్నాయి. ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో. నిర్దేశించిన గ్రేడు తెచ్చుకున్నవాళ్లను ఖాళీలను బట్టి ఇస్రో నేరుగా తీసుకుంటుంది. ఐఐటీల్లో మద్రాసు, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఈ బ్రాంచికి పాతకాపులు. చెన్నై క్రోమ్‌పేటలో 1949లో మొదలైన ఎంఐటీ కలాంగారు చదివిన చోటు. హైదరాబాద్ వైపు దుండిగల్ చుట్టుపక్కల ఏరోనాటికల్ బ్రాంచి నడిపే కాలేజీలున్నాయి. చంద్రగిరి మండలంలోనే ఎ.రంగంపేటలో పెద్ద విద్యాసంస్థ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. మెకానికల్ కానీ ఎలక్ట్రానిక్స్ కానీ చదివి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కు మారే దారి అక్కడి పిల్లలకూ తెరిచే ఉంది. గేట్ పరీక్షలో ఏరోస్పేస్‌కు ప్రత్యేక పేపరే ఉంది.

కోర్సు పేరు కన్నా ముందు చూడవలసింది ల్యాబ్. విండ్ టన్నెల్ ఉందా? ఉంటే విద్యార్థులు సొంతంగా నడుపుతున్నారా, రికార్డు పుస్తకంలో పాత రీడింగులు దించుకుంటున్నారా? కాలేజీ చూడటానికి పోయిన తల్లిదండ్రులు ప్రిన్సిపల్ గదిలో కూర్చుని ప్లేస్‌మెంట్ల కాగితం చూసి వచ్చేస్తారు. మూడో ఏడాది విద్యార్థిని ఒకరిని పక్కకు పిలిచి "ఏమ్మా, టన్నెల్‌లో నువ్వు పెట్టిన మోడల్ ఏది?" అని అడిగితే అసలు సంగతి అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

చేత్తో చేసి నేర్చుకోవడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి స్టడ్‌శాట్ ఒక్కటి చాలు. కర్ణాటకలో నాలుగు, హైదరాబాద్‌లో మూడు, మొత్తం ఏడు కాలేజీల బీటెక్ పిల్లలు కలిసి కట్టిన ఉపగ్రహం అది. 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 13.5 ఎత్తు. బరువు కిలో లోపు. 2010 జూలై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 దాన్ని శ్రీహరికోట నుంచి కక్ష్యలో పెట్టింది. ఇరవై ఏళ్ల పిల్లలు పాఠ్యపుస్తకం మూసి టంకం పెట్టెలు తెరిచారు. ఎండకు కాలే ఒక వైపు, నీడలో గడ్డకట్టే ఇంకో వైపు ఉన్న పెట్టెలో బ్యాటరీ బతకాలంటే ఏం చేయాలో వాళ్లు తేల్చుకోవలసి వచ్చింది. ఏ పరీక్షలోనూ అలాంటి ప్రశ్న రాదు. ఐఐఎస్‌టీ విద్యార్థులు 2012 మే నెలలో తుంబా నుంచి వ్యోమ్ అనే సొంత సౌండింగ్ రాకెట్‌నే ఎగరేశారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంతో కలిసి వాళ్లు చేసిన ఇన్‌స్పైర్‌శాట్-1 ఉపగ్రహం 2022 ఫిబ్రవరి 14న కక్ష్యకు చేరింది.

విజయాలే చెప్పి ఊరుకుంటే పిల్లలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం జరిగింది. అందులో 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ ఉంది. మూడు ఘన దశలూ చక్కగా మండాయి. రెండో దశ విడిపోయేటప్పుడు మాత్రం కొద్దిసేపు గట్టి కంపనం పుట్టింది. వేగం మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ల కొలత హద్దు దాటింది. సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ తీర్మానించుకుంది. నిజానికి అవి చెడిపోలేదు. ఆ తీర్మానంతో రాకెట్ అత్యవసర పద్ధతిలోకి మారిపోయి, 356 కిలోమీటర్ల గుండ్రని కక్ష్యలో పెట్టవలసిన ఉపగ్రహాలను ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కోలకక్ష్యలో వదిలింది. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంటుంది. ఉపగ్రహాలు నిలవలేదు.

ఎక్కడ తప్పిందో వెతికి, విడిపోయే యంత్రాంగాన్ని మార్చి, సాఫ్ట్‌వేర్ తర్కాన్ని దిద్ది, 2023 ఫిబ్రవరి 10న మళ్లీ ఎగరేశారు. ఆడపిల్లలు మళ్లీ కట్టిన ఆజాదీశాట్-2 ఈసారి కక్ష్యలో చేరింది. అధ్యాపకుడు ఈ ఒక్క ఉదంతాన్ని తీసుకుని ఒక సెమిస్టర్ పాఠం చెప్పవచ్చు. కంపనం స్ట్రక్చర్స్ పాఠం, కొలత హద్దు సెన్సర్ల పాఠం, తీర్మానం సాఫ్ట్‌వేర్ పాఠం, కోలకక్ష్య ఆర్బిటల్ మెకానిక్స్ పాఠం. వరసగా ఆరు నెలలు చెప్పినా తరగతిలో ఎవరికీ నిద్ర రాదు.

అమెరికా సంగతి

మన ఇళ్లలో ఇంజినీరింగ్ అనగానే నాలుగేళ్ల తర్వాత వీసా గుర్తొస్తుంది. 2021 జూలై 11న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో అంతరిక్షపు అంచు దాకా పోయివచ్చినప్పుడు చీరాల నుంచి హ్యూస్టన్ దాకా తెలుగువాళ్లు పండగ చేసుకున్నారు. ఆమె చదివింది పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏరోనాటిక్స్ డిగ్రీయే. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన రాజా చారి మూలాలు తెలంగాణలో ఉన్నాయి. ఆయన డిగ్రీ కూడా ఈ రంగంలోనే.

అయితే ఇద్దరూ అమెరికా పౌరులు. రాకెట్ పరిజ్ఞానాన్ని ఆయుధ పరిజ్ఞానంతో సమానంగా చూసే ఐటార్ అనే ఎగుమతి నిబంధనలు అక్కడున్నాయి. వాటి ప్రకారం ఆ పరిజ్ఞానం పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ, శరణార్థుల వంటి కొద్దిమందికీ తప్ప ప్రత్యేక అనుమతి లేకుండా చేతికి ఇవ్వకూడదు. అందువల్ల విద్యార్థి వీసాతో పోయి ఎంఎస్ పూర్తి చేసిన వాళ్లకు పేరున్న రాకెట్ కంపెనీల తలుపులు చాలావరకు మూసే ఉంటాయి. యూనివర్సిటీ పరిశోధన, విమానయాన రంగంలో కొన్ని కొలువులు, అనుబంధ సాఫ్ట్‌వేర్ దొరకవచ్చు. అప్పు చేసి విమానం ఎక్కించే ముందు ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన సంగతి ఇది. కన్సల్టెన్సీ బల్లల మీద ఈ సంగతి చెప్పే కాగితం కనిపించదు.

ఇక్కడే తలుపులు తెరుచుకుంటున్న మాట నిజం. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో టాటా కర్మాగారాలు సీ-130జె విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారు చేస్తున్నాయి. కంచన్‌బాగ్‌లో మిధాని రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కు, టైటానియం మిశ్రలోహాలు ఇస్తోంది. ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉపగ్రహం పనిలో పాల్గొన్న సంజయ్ నెక్కంటి పెట్టిన ధ్రువ స్పేస్, సొంతంగా తయారు చేసిన రెండు బుల్లి ఉపగ్రహాలను 2022 నవంబరులో పీఎస్‌ఎల్‌వీ మీద కక్ష్యలోకి పంపించింది. ఇవేవీ వేల ఉద్యోగాలు ఇచ్చే చోట్లు కావు. పని వచ్చినవాళ్లను మాత్రం వదులుకునే చోట్లు కూడా కావు.

చంద్రగిరిలో ఈ చదువు మీద మనసున్న పిల్లలు ఆరంభించడానికి డిగ్రీలో సీటు దాకా ఆగక్కర్లేదు. అమెరికాలోని వాయోమింగ్ విశ్వవిద్యాలయం ప్రపంచంలోని వాతావరణ బెలూన్ల కొలతలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతుంది. చెన్నై మీనంబాక్కం బెలూన్ అందులో ఉంది. ఎత్తు, ఉష్ణోగ్రత, గాలి దిక్కు, గాలి వేగం, వరసగా అంకెలు. జూలై నెలలో ఒక రోజు అంకెలు తీసుకుని గ్రాఫ్ కాగితం మీద పెడితే, నేల దగ్గర పడమటి గాలి, ఆరేడు కిలోమీటర్ల పైన దిక్కు తిరగబడటం, 15 కిలోమీటర్ల దగ్గర కోటేశ్వరం గాలి ఉరకడం పెన్సిల్ కింద కనిపిస్తుంది. ఎస్వీ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగం గాదంకి రాడార్‌తో ఏళ్లుగా పరిశోధన చేస్తూనే ఉంది. జిల్లాలోని ఇంజినీరింగ్ కాలేజీలూ, జూనియర్ కాలేజీలూ ఆ బాట పట్టి, ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను ఆ యాంటెన్నాల వరసల ముందు నిలబెడితే, "రాకెట్ల కోర్సు" అంటే ఏమిటో వాళ్లకు ప్రాస్పెక్టస్ కన్నా బాగా అర్థమవుతుంది. అక్కడ నిలబడి విసుగు పుట్టినవాళ్లు వేరే బ్రాంచి తీసుకుంటారు. అదీ మంచిదే.

శ్రీహరికోటలో మూడో లాంచ్‌ప్యాడ్‌కు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది. ఖర్చు 3,984.86 కోట్ల రూపాయలు, గడువు 48 నెలలు. బీటెక్‌కు పట్టేదీ అన్ని నెలలే. ఆ ప్యాడ్ మీద నుంచి లేవవలసిన కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరులోనే అనుమతి వచ్చింది. 30 టన్నులు తక్కువ ఎత్తు కక్ష్యకు మోయాలి, మొదటి దశ వెనక్కి దిగివచ్చి మళ్లీ పనికి రావాలి. దానికిచ్చిన గడువు 96 నెలలు. ఆ మొదటి దశ జెట్ ప్రవాహాన్ని రెండుసార్లు దాటాలి. ఎక్కేటప్పుడు ట్యాంకుల నిండా బరువుతో, ముక్కు ముందు పెట్టుకుని ఒకసారి. దిగేటప్పుడు ట్యాంకులు దాదాపు ఖాళీగా, తోక ముందు పెట్టుకుని రెండోసారి. బరువు తగ్గిన దేహాన్ని అదే గాలి ఇంకా దూరం నెడుతుంది, ఆగవలసిన చోటు మాత్రం కొద్ది మీటర్ల మేరే ఉంటుంది. 2025లో మొదటి ఏడాదిలో చేరిన విద్యార్థి 2029లో పట్టా తీసుకుని బయటికి వచ్చేసరికి ఆ లెక్క చేయడానికి ఇంకా మూడేళ్ల టైం ఉంటుంది.